రోడియం క్లస్టర్‌లో పన్నెండో బాండ్ ఏమైనట్టు? (18 ఎలక్ట్రాన్ రూల్, వేడ్ రూల్)

ప్రశ్న — కాకినాడ_కెమ్

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఇనార్గానిక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను, డిసెంబర్ నెట్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాను. మెటల్ కార్బొనిల్ క్లస్టర్ల దగ్గర బండి ఆగిపోయింది. ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది కాబట్టి ఫార్ములాలు మాటల్లో రాస్తున్నాను, ఏమనుకోకండి.

ముందు ఇరీడియం. నాలుగు ఇరీడియంలు, పన్నెండు సీఓలు (కార్బన్ మోనాక్సైడ్‌లు). లోహానికి 9 ఎలక్ట్రాన్లు, సీఓకి 2: 4×9 = 36, 12×2 = 24, మొత్తం 60. ఒక్కో లోహానికి 18 చొప్పున 72 కావాలి. తక్కువ పడినవి 12, అంటే లోహాల మధ్య 6 బాండ్లు. టెట్రాహెడ్రన్‌కి అంచులు ఆరే. హాయిగా సరిపోయింది.

తర్వాత రోడియం. ఆరు రోడియంలు, పదహారు సీఓలు. 54 + 32 = 86. కావలసినవి 108. తేడా 22, అంటే 11 బాండ్లు. కానీ అది ఆక్టాహెడ్రన్, అంచులు 12! నాలుగైదు సార్లు కూడి చూశాను, అదే వస్తోంది.

నోట్స్‌లో ఏముందంటే, "ఇక్కడ 18 రూల్ పనిచేయదు, వేడ్ రూల్ వాడాలి. ఒక్కో లోహానికి 12 చొప్పున 6×12 = 72 తీసేయాలి. 86 − 72 = 14, అంటే 7 జతలు. ఎన్ (శీర్షాల సంఖ్య)+1 కాబట్టి క్లోజో (మూలలన్నీ నిండిన ఆకారం), ఆక్టాహెడ్రన్." జవాబైతే వస్తోంది. కానీ ఒకే మాలిక్యూల్‌కి ఒక లెక్కలో 7, ఇంకో లెక్కలో 11, బొమ్మలో 12. వీటిలో ఏది నిజం? క్లాసులో అడిగితే "డీలోకలైజ్డ్ అమ్మా" అన్నారు, అక్కడితో ఆ పేజీ తిప్పేశారు.

ఇంకో చిన్న డౌట్: ఐదు ఐరన్‌లు, పదిహేను సీఓలు, మధ్యలో ఒక కార్బన్ ఉన్న క్లస్టర్‌లో ఆ కార్బన్‌ని కూడా శీర్షంగా లెక్కపెట్టాలా? పెడితే ఎన్ = 6 అవుతుంది, ఆకారం మారిపోతుంది.

జవాబు — ర్యాంక్_ముఖ్యం

నెట్‌కి ఇంత లోతు అక్కర్లేదండీ. 48 త్రిభుజం, 60 టెట్రాహెడ్రన్, 62 బటర్‌ఫ్లై, 72 ట్రైగోనల్ బైపిరమిడ్, 74 స్క్వేర్ పిరమిడ్, 86 ఆక్టాహెడ్రన్, 90 ట్రైగోనల్ ప్రిజమ్. ఇవి బట్టీ కొట్టేయండి. మొత్తం ఎలక్ట్రాన్లు లెక్కపెట్టడం, టిక్ పెట్టడం, తర్వాతి ప్రశ్నకి వెళ్ళడం. అంతే.

జవాబు — చాక్‌పీస్

పైన ఇచ్చిన అంకెలు కరెక్టే, బట్టీ కొడితే పాపం ఏమీ లేదు. కాకపోతే అమ్మాయి అడిగింది అంకెలు కాదు కదా. ముప్పై ఏళ్ళకి పైగా ఇనార్గానిక్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, ఈ 11 దగ్గర ఆగి అడిగే పిల్లలు ఏ బ్యాచ్‌లోనైనా ఒకరిద్దరే ఉంటారు. కాబట్టి తీరిగ్గా చెప్తాను.

అమ్మా, నీ కూడికలో ఎక్కడా తేడా లేదు. 7 నిజమే, 11 నిజమే, 12 కూడా నిజమే. అవి మూడు వేర్వేరు వాటి లెక్కలు, అంతే. టెట్రాహెడ్రన్‌లో ఆ మూడూ అనుకోకుండా ఒకే అంకె (6, 6, 6) కావడం వల్ల మూడూ ఒకటే అని మనసులో పడిపోతుంది.

ముందు 11 సంగతి. ఒక్కో లోహానికి వేలన్సీ ఆర్బిటాళ్ళు తొమ్మిది: ఎస్ ఒకటి, పీ మూడు, డీ ఐదు. ఆరు రోడియంలకి 54. సీఓ ఇచ్చే జతలు కూడా వచ్చి కూర్చునేది ఈ 54లోనే అని లెక్క. 86 ఎలక్ట్రాన్లంటే 43 జతలు. 54లో 43 నిండితే మిగిలినవి ఎన్ని? 11. నువ్వు 108లోంచి 86 తీసేసి రెండుతో భాగించినప్పుడు చేసింది ఇదే. అంటే ఆ 11 ఖాళీగా ఉండిపోయిన ఆర్బిటాళ్ళ సంఖ్య, ఎలక్ట్రాన్లు పెట్టడానికి వీల్లేనంత పైకి వెళ్ళిపోయిన యాంటీబాండింగ్ (బాండ్‌ని తెంచే) ఆర్బిటాళ్ళ సంఖ్య. 18 రూల్‌లో బాండ్లని సూటిగా ఎక్కడా లెక్కపెట్టం. "ఒక అంచుకి ఒక బాండ్, ఒక బాండ్‌కి ఒక ఖాళీ యాంటీబాండింగ్ ఆర్బిటాల్" అని ముందే ఒప్పుకుని, ఖాళీలని చూసి అంచులు ఇన్ని అంటాం.

ఈ ఒప్పందం చాలా చోట్ల చెల్లుతుంది. ఆస్మియం మూడు, సీఓ పన్నెండు: 48, ఖాళీలు 3, త్రిభుజం. ఆస్మియం ఐదు, సీఓ పదహారు: 72, ఖాళీలు 9, ట్రైగోనల్ బైపిరమిడ్‌కి అంచులు 9. స్క్వేర్ పిరమిడ్‌కి 74, ఖాళీలు 8, అంచులు 8. ప్రిజమ్‌కి 90, ఖాళీలు 9, అంచులు 9. మొదటిసారి చెల్లనిది ఆక్టాహెడ్రన్ దగ్గరే: అంచులు 12, సిమెట్రీ పైకి నెట్టేవి మాత్రం 11.

ఇప్పుడు 7. ఇక్కడ కాగితం, పెన్సిల్ తీసుకో. చదివేసి ఊరుకుంటే ఇది ఎక్కదు.

ఒక్కో లోహం తన తొమ్మిదిలో ఆరింటిని సొంత పనులకి (సీఓలకి, తన దగ్గరే ఉండిపోయే జతలకి) వాడుకుని, మిగతా మూడింటిని బోను (లోహాలన్నీ కలిసి కట్టే పంజరం) కోసం ఇస్తుందని వేడ్ లెక్క. ఈ మూడింటిలో ఒకటి ఆక్టాహెడ్రన్ నడిమధ్యకి చూస్తుంది. మిగిలిన రెండూ బోను ఉపరితలాన్ని ఒరుసుకుంటూ అడ్డంగా ఉంటాయి. ఆరు శీర్షాలు, ఒక్కోదానికి మూడు, మొత్తం 18.

ఎక్స్, వై, జెడ్ అక్షాలు గీసి, ఒక్కో అక్షం రెండు చివర్లా ఒక్కో రోడియం అణువు (ఆటమ్) పెట్టు. లోపలికి చూసే ఆరు ఆర్బిటాళ్ళూ ఒకే గుర్తుతో నడిమధ్యలో కలిశాయనుకో. చాలా బలమైన బాండింగ్ ఆర్బిటాల్ ఒకటి వస్తుంది. ఆరూ కలిసి ఒకటే. ఇదే ఎన్+1లో ఆ +1. పుస్తకాలు ఇంకోలా చెప్పొచ్చు గానీ, నేను పిల్లలకి ఇలాగే చెప్పేవాణ్ణి, గుర్తుంటుంది.

తర్వాత ఎక్స్-వై తలంలో ఉన్న నాలుగు అణువుల్ని చూడు. ఆ తలంలోనే అడ్డంగా పడుకున్న పీ ఆర్బిటాళ్ళు నాలుగు. పక్కపక్కవి ఎదురెదురుగా తల ఆనించేలా గుర్తులు పెడితే, ఆకారం డీ-ఎక్స్‌వైలా కనిపిస్తుంది, అణువుల మధ్య నాలుగు సందుల్లోనూ బాండింగే. ఇలాంటి తలాలు మూడు కాబట్టి మూడు ఆర్బిటాళ్ళు. సిమెట్రీ భాషలో వీటి పేరు టీ2జీ.

ఇప్పుడు అదే నాలుగు అణువుల మీద జెడ్ దిశలో నిలబడ్డ పీ ఆర్బిటాళ్ళు. నాలుగింటికీ ఒకే గుర్తు పెడితే π (పై) బాండ్ లాగా పక్కలు కలుస్తాయి, పైనా కిందా ఉన్న అణువుల ఆర్బిటాళ్ళు కూడా వచ్చి తోడవుతాయి. దిశలు మూడు కాబట్టి ఇవీ మూడు. వీటి పేరు టీ1యూ.

1 + 3 + 3 = 7. 18లో బాండింగ్‌వి ఏడు, మిగిలినవి? 11. నీ రెండు అంకెలూ ఒకే చోట దొరికాయి చూడు. బోనులో నిండినవి ఏడు, ఖాళీగా ఉన్నవి పదకొండు. ఆరు లోహాల సొంత పనుల ఆర్బిటాళ్ళు 36, వాటికి ఈ 7 కలిపితే 43 జతలు, అంటే 86. పై మిత్రుడు బట్టీ కొట్టమన్న 86 ఇలా పుట్టింది.

ఇక 12. అది మనం గీసిన గీతల సంఖ్య. రెండు రోడియంల మధ్య దూరం తక్కువ ఉంది కాబట్టి గీత గీశాం. ఒక్కో గీతకీ ఒక ఎలక్ట్రాన్ జత రాసి ఇవ్వాలనే రూల్ ఏదీ లేదు. ఉమ్మడి కుటుంబంలో వంటింటి ఖర్చుని ఏ ఇద్దరి మధ్య ఎంతెంత అని విడదీస్తాం? ఏడు జతలు ఆరుగురికీ ఉమ్మడి. "డీలోకలైజ్డ్" అని మీ క్లాసులో చెప్పిన మాటకి అర్థం ఇది.

ఈ లెక్క లోహాల దగ్గర పుట్టలేదు, బోరాన్ దగ్గర పుట్టింది. జర్మనీలో ఆల్ఫ్రెడ్ స్టాక్ 1912 నుంచి బోరేన్ల (బోరాన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాల) మీద పనిచేశాడు. గాలి తగిలితే అంటుకునే పదార్థాలు అవి. పాదరసం వాల్వులున్న గాజు వాక్యూమ్ లైన్ కట్టి, అందులో వాటిని వేరుచేశాడు. ఆ పాదరసపు ఆవిరే చివరికి ఆయన ఒంటికి పట్టుకుంది. పాదరసం విషం గురించి ప్రపంచాన్ని గట్టిగా హెచ్చరించినవాళ్ళలో ఆయన కూడా ఒకడు. బోరేన్లలో బాండింగ్‌ని విప్పినందుకు లిప్‌స్కూంబ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. అప్పటికే 1971లో రాబర్ట్ విలియమ్స్ ఈ ఆకారాలన్నీ పెద్ద బోనుల్లోంచి శీర్షాలు తీసేస్తే వచ్చేవని చూపించాడు. అదే ఏడాది డరమ్ యూనివర్సిటీలో కెన్నెత్ వేడ్ దానికి ఎలక్ట్రాన్ల లెక్క కట్టాడు. మరుసటి ఏడాది మింగోస్ దాన్ని లోహాలకీ రింగులకీ విస్తరించాడు.

వేడ్ చూసిన అసలు సంగతి ఒక్క ఉదాహరణలో ఉంది. ఒక్కో బీహెచ్ (ఒక బోరాన్, దానికి ఒక హైడ్రోజన్) బోనుకి 2 ఎలక్ట్రాన్లు ఇస్తుంది, అదనపు హైడ్రోజన్ 1 ఇస్తుంది. ఆరు బీహెచ్‌లు, రెండు నెగటివ్ చార్జ్: 12 + 2 = 14, ఏడు జతలు, ఆక్టాహెడ్రన్. పెంటాబోరేన్, ఐదు బోరాన్లు తొమ్మిది హైడ్రోజన్లు: 10 + 4 = 14, ఏడే. స్క్వేర్ పిరమిడ్, అంటే ఒక మూల తీసేసిన ఆక్టాహెడ్రన్. టెట్రాబోరేన్, నాలుగు బోరాన్లు పది హైడ్రోజన్లు: 8 + 6 = 14, మళ్ళీ ఏడే! బటర్‌ఫ్లై, అంటే పక్కపక్కనున్న రెండు మూలలు తీసేసిన ఆక్టాహెడ్రన్. మూల పోయినా బోను పోదు. జతల సంఖ్య తల్లి ఆకారాన్ని చెప్తుంది, అణువుల సంఖ్య అందులో ఎన్ని మూలలు నిండాయో చెప్తుంది. క్లోజో (అన్నీ నిండినవి), నిడో (ఒకటి ఖాళీ), అరాక్నో (రెండు ఖాళీ) అనే పేర్లకి ఇంతకంటే అర్థం లేదు.

కాబట్టి "ఎన్+1, ఎన్+2, ఎన్+3" అని కాకుండా, ముందు జతలు లెక్కపెట్టి అందులోంచి ఒకటి తీసెయ్. 7 − 1 = 6, తల్లి ఆక్టాహెడ్రన్. డెకాబోరేన్‌కి 20 + 4 = 24, అంటే 12 జతలు, తల్లికి 11 మూలలు, ఉన్నవి 10 బోరాన్లు, ఒక మూల ఖాళీ. పరీక్ష హాల్లో ఇది తొందరగా తెములుతుంది.

ఐరన్ కార్బైడ్ గురించి: లోపలున్న కార్బన్ శీర్షం కాదు. తన 4 ఎలక్ట్రాన్లూ ఇచ్చేసి లోపల కూర్చుంటుంది. 40 + 30 + 4 = 74. 74 − 60 = 14, ఏడు జతలు, తల్లి ఆక్టాహెడ్రన్, ఉన్న ఐరన్లు ఐదు, స్క్వేర్ పిరమిడ్. కార్బన్ ఆ చదరపు అడుగు దగ్గర ఉంటుంది. సరిగ్గా పెంటాబోరేన్‌కి అన్నగారు. ఐరన్‌కి మూడు సీఓలు పెడితే 8 + 6 − 12 = 2, అంటే బీహెచ్ ఎంత ఇస్తుందో అంతే ఇస్తుంది. కోబాల్ట్‌కి మూడు సీఓలు పెడితే 3, అది సీహెచ్‌తో సమానం. ఈ రెండు సమానాలూ చేతిలో ఉంటే సగం ప్రశ్నలు అయిపోయినట్టే.

జవాబు — గ్లవ్‌బాక్స్

చాక్‌పీస్ సార్, 7 + 11 = 18 అని నాకు పీహెచ్‌డీలో కూడా ఎవరూ చెప్పలేదు. సేవ్ చేసుకున్నాను.

రుథీనియం కార్బొనిల్స్ మీద పనిచేసినవాణ్ణి కాబట్టి ల్యాబ్ వైపు నుంచి రెండు మాటలు. ప్రశ్నలో ఉన్న రోడియం క్లస్టర్‌కి ఒక చరిత్ర ఉంది. 1943లో హీబర్ దీన్ని తయారుచేసినప్పుడు నాలుగు రోడియంలు, పదకొండు సీఓలు అని రాశారు. సీఓకి, లోహానికి నిష్పత్తి చూడండి: పదకొండు బై నాలుగు 2.75, పదహారు బై ఆరు 2.67. అనాలిసిస్‌లో ఈ తేడా పట్టుకోవడం కష్టం. ఇరవై ఏళ్ళ తర్వాత, 1963లో, డాల్ బృందం ఎక్స్-రేలో క్రిస్టల్ పెట్టి చూస్తే ఆరు రోడియంలు, పదహారు సీఓలు బయటపడ్డాయి. పన్నెండు సీఓలు ఒక్కో రోడియంకి రెండు చొప్పున, మిగతా నాలుగు ఒక్కోటి ఒక త్రిభుజం మీద మూడు రోడియంలకీ కలిపి. అంటే అప్పటికి వేడ్ రూల్ లేదు. ఆకారం ముందు దొరికింది, లెక్క ఎనిమిదేళ్ళకి వచ్చింది.

కార్బైడ్ కార్బన్ ఎక్కడి నుంచి వస్తుందని చాలామంది అడుగుతారు, మనం విడిగా కార్బన్ ఏమీ వెయ్యం. మూడు రుథీనియంలు, పన్నెండు సీఓలున్న నారింజ రంగు క్రిస్టల్స్‌ని సాల్వెంట్‌లో గట్టిగా మరిగిస్తే రంగు ముదురుతూ ఎర్రబడుతుంది. రెండు సీఓలు కొట్టుకుని ఒకటి కార్బన్‌గా లోపల ఇరుక్కుంటుంది, ఇంకోటి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. వచ్చేది ఆరు రుథీనియంలు, ఒక కార్బన్, పదిహేడు సీఓలు. 48 + 4 + 34 = 86, సార్ చెప్పిన 86. సిలికా ప్లేట్ మీద నడిపిస్తే మొదలుపెట్టిన పదార్థం, ఇది వేర్వేరు బ్యాండ్లుగా విడిపోవడం కంటికే కనిపిస్తుంది, స్టెయిన్ కూడా అక్కర్లేదు. ఆ కార్బన్ నిజంగా లోపల ఉందా అంటే, కార్బన్-13 ఎన్ఎంఆర్‌లో మామూలు సీఓలు 200 పీపీఎం దగ్గర కనిపిస్తే ఇది 400 దాటి ఎక్కడో ఒంటరిగా ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు స్కాన్ విండో చిన్నదిగా పెట్టి, పీకే లేదనుకుంటారు.

జవాబు — మాలిబ్డినం

సార్, చిన్న అభ్యంతరం. "గీతకో జత రాసి ఇవ్వాలనే రూల్ లేదు" అన్నారు. మాలిబ్డినం డైక్లోరైడ్‌లో ఉండే ఆరు మాలిబ్డినంలు, ఎనిమిది క్లోరిన్ల ముక్క కూడా ఆక్టాహెడ్రనే. మాలిబ్డినం +2, డీ4 (ఒక్కోదాని దగ్గర నాలుగు డీ ఎలక్ట్రాన్లు). 6×4 = 24 ఎలక్ట్రాన్లు, 12 జతలు, 12 అంచులు. గీతకో జత ఉంది కదా! అప్పుడు ఆక్టాహెడ్రన్‌కి ఏడు జతలు అనే మాట ఎలా నిలుస్తుంది?

జవాబు — చాక్‌పీస్

మంచి ప్రశ్న వేశారు. నా మాటలోనే ఉంది చూడండి, రాసి ఇవ్వాలనే రూల్ లేదన్నాను గానీ, ఇవ్వకూడదనలేదు.

ఆక్టాహెడ్రన్‌కి ఏడు జతలనేది బీహెచ్ లాంటి, లేదా మూడు సీఓలున్న ఐరన్ లాంటి ముక్కలకే. అంటే ఒక్కో మూల బోనుకి మూడే ఆర్బిటాళ్ళు ఇచ్చేచోట. మాలిబ్డినం దగ్గర పరిస్థితి వేరు. క్లోరిన్లు ఎనిమిదీ ఎనిమిది త్రిభుజాల మీద కూర్చుంటాయి. ఒక్కో మాలిబ్డినం చుట్టూ నాలుగు క్లోరిన్లు చదరంగా ఉంటే, దాని దగ్గర మిగిలిన నాలుగు డీ ఆర్బిటాళ్ళు, నాలుగు ఎలక్ట్రాన్లు. ఒక్కో మూల నుంచి బయల్దేరే అంచులూ నాలుగే. అంచుకో ఎలక్ట్రాన్ ఇటు నుంచి, ఒకటి అటు నుంచి. పన్నెండు బాండ్లు, ముచ్చటగా లోకలైజ్డ్.

ఇంకో మెట్టు పక్కకి వెళ్ళండి. ఆరు నయోబియంలు, పన్నెండు క్లోరిన్లు, రెండు పాజిటివ్ చార్జ్. నయోబియం దగ్గర మొత్తం 30 వేలన్సీ ఎలక్ట్రాన్లు, పన్నెండు క్లోరిన్లకీ చార్జ్‌కీ 14 పోతే 16 మిగులుతాయి. ఎనిమిది జతలు. ఇక్కడ క్లోరిన్లు అంచుల మీద కూర్చున్నాయి, ముఖాలు ఖాళీ. ఆక్టాహెడ్రన్‌కి ముఖాలు ఎనిమిది. ముఖానికో జత, మూడు అణువులకి కలిపి ఒక జత.

అంటే ఆక్టాహెడ్రన్ ఒకటే, కార్బొనిల్ దగ్గర 7, నయోబియం దగ్గర 8, మాలిబ్డినం దగ్గర 12. కాబట్టి ఆకారం పేరు వినగానే ఏడు అనకూడదు. లిగాండ్ (లోహానికి అతుక్కున్న సీఓ, క్లోరిన్ లాంటిది) ఏమిటి, అది ఎక్కడ కూర్చుంది, లోహం టేబుల్‌లో ఎడమ వైపుదా కుడి వైపుదా అన్నది ముందు చూడాలి. సీఓలున్న ఐరన్, కోబాల్ట్ వరుసల లోహాలకి వేడ్-మింగోస్ లెక్క. హాలైడ్లున్న నయోబియం, మాలిబ్డినం లాంటి వాటికి మెటల్ దగ్గర మిగిలిన డీ ఎలక్ట్రాన్ల లెక్క. చాలా నోట్స్‌లో ఈ రెండూ ఒకే చాప్టర్‌లో కలిపేసి పిల్లల్ని తికమకపెడతారు. నాకు అది ఎప్పుడూ నచ్చలేదు.

జవాబు — మాజీ_హెచ్‌సీయూ

బోరాన్ మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి ఒకటి. ఒక్క బోను అయితే ఎన్+1, సరే. రెండు బోనులు అతుక్కుంటే? ఈ ప్రశ్నకి జవాబు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే వచ్చింది. ప్రొఫెసర్ జెమ్మిస్ అక్కడ ఉన్నప్పుడు 2001లో, తన బృందంతో కలిసి ఇచ్చిన ఎమ్ఎన్ఓ రూల్ అది. ఇప్పుడు పుస్తకాల్లోకి ఎక్కింది, నెట్ సిలబస్ చదివేవాళ్ళూ చూసే ఉంటారు.

కావలసిన జతలు = ఎమ్ + ఎన్ + ఓ + పీ − క్యూ. ఎమ్ అంటే బోనులు ఎన్ని, ఎన్ అంటే శీర్షాలు ఎన్ని, ఓ అంటే రెండు బోనులు ఒకే ఒక్క శీర్షంతో కలిసిన చోట్లు ఎన్ని, పీ అంటే పోయిన మూలలు, క్యూ అంటే టోపీలా పైన కూర్చున్నవి. ఎమ్ = 1 పెట్టి మిగతావి సున్నా చేస్తే వేడ్ ఎన్+1 వచ్చేస్తుంది.

ఇరవై బోరాన్లు, పదహారు హైడ్రోజన్లున్న బోరేన్ చూడండి. రెండు ఐకోసాహెడ్రన్లు (పన్నెండు మూలల బోనులు) నాలుగు అణువుల్ని పంచుకున్నాయి. 2 + 20 = 22 జతలు కావాలి. ఉన్నవి? పదహారు బీహెచ్‌లు 16 జతలు. హైడ్రోజన్ లేని నాలుగు బోరాన్లు మూడేసి ఎలక్ట్రాన్లు ఇస్తాయి, 12, అంటే 6 జతలు. 22. చార్జ్ లేకుండా సరిపోయింది, అందుకే అది న్యూట్రల్. ఈ ఇరవై బోరాన్ల దాన్ని మామూలు వేడ్ రూల్‌తో చేయబోయి నెత్తి పట్టుకున్నవాళ్ళని చూశాను.

ఫెర్రోసీన్ కూడా ఇందులోకే వస్తుంది, అదే నాకు బాగా నచ్చే ఉదాహరణ. అడుగుకి అడుగు ఆనకుండా ఒకే ఐరన్ మూల దగ్గర కలిసిన రెండు పంచభుజ పిరమిడ్‌లు అనుకోండి. 2 + 11 + 1 + 2 = 16. పది సీహెచ్‌లు 30 ఎలక్ట్రాన్లు, ఐరన్ 2. మొత్తం 32, పదహారు జతలు. మూడు బోరాన్లు పంచుకుని, ముఖానికి ముఖం అతుక్కున్న ఐకోసాహెడ్రన్లు (ఇరవై ఒక్క బోరాన్లు, పద్దెనిమిది హైడ్రోజన్లు) ఒక నెగటివ్ చార్జ్‌తో నిలుస్తాయని ఈ లెక్క చెప్పింది. 2007లో జర్మనీలో దాన్ని తయారుచేసి చూపించారు.

జవాబు — కాకినాడ_కెమ్

చాక్‌పీస్ సార్, కాగితం మీద గీశాను. టీ2జీ మొదటిసారి గుర్తులు తిరగేసి పెడితే నాలుగు సందుల్లోనూ నోడ్ (కలయిక తెగే చోటు) వచ్చింది, అది పదకొండులోకి వెళ్ళేదని అర్థమైంది. ఇప్పుడు 7 ఎందుకో ఎవరైనా అడిగితే గీసి చూపించగలను. గ్లవ్‌బాక్స్ గారికి, మాజీ హెచ్‌సీయూ గారికి కూడా థాంక్స్.

ఆ ఊపులో ఇంకోటి చేశాను, మళ్ళీ ఇరుక్కున్నాను. ఆరు ఆస్మియంలు, పద్దెనిమిది సీఓలు. 48 + 36 = 84. ఖాళీలు 108 − 84 = 24, అంటే 12. ఆక్టాహెడ్రన్‌కి అంచులు 12! ఇక్కడ 18 రూల్ అచ్చంగా సరిపోతోంది. కానీ వేడ్ లెక్కలో 84 − 72 = 12, ఆరు జతలే. ఒకటి తీస్తే తల్లికి మూలలు 5, ఉన్న ఆస్మియంలు 6. మూలల కంటే అణువులు ఎక్కువ ఎలా అవుతాయి సార్?

జవాబు — చాక్‌పీస్

ఇది చాలామందిని ముంచే క్లస్టర్. 12 చూడగానే ఆక్టాహెడ్రన్ అని టిక్ పెట్టేస్తారు, అది ఆక్టాహెడ్రన్ కాదు.

తల్లికి మూలలు అయిదు అంటే ట్రైగోనల్ బైపిరమిడ్. మిగిలిన ఆరో ఆస్మియం దాని ఒక త్రిభుజం మీద టోపీలా కూర్చుంటుంది. టోపీలా కూర్చున్న అణువు కొత్త బాండింగ్ ఆర్బిటాల్ ఏదీ తీసుకురాదు, జతల సంఖ్య అలాగే ఉంటుంది. ఎమ్ఎన్ఓలో ఆ − క్యూ ఇదే. ఇప్పుడు అంచులు లెక్కపెట్టు: బైపిరమిడ్‌కి 9, టోపీకి 3, మొత్తం 12. 18 రూల్ చెప్పిన 12 నిజమే, కాకపోతే ఆ పన్నెండు అంచులూ వేరే ఆకారానివి. దీనికి రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చి రెండు నెగటివ్ చార్జ్ చేస్తే 86 అవుతుంది, ఏడు జతలు, అప్పుడు నిజంగానే ఆక్టాహెడ్రన్‌గా మారిపోతుంది. 18 రూల్ మాత్రం 11 అంటుంది.

ఏడు ఆస్మియంలు, ఇరవై ఒక్క సీఓలు కూడా చేసి చూడు. 98 వస్తుంది. 98 − 84 = 14, ఏడు జతలు, ఆక్టాహెడ్రన్ మీద ఒక టోపీ, అంచులు 15. 18 రూల్ 14 అంటుంది. ఆక్టాహెడ్రన్ లోపల ఉంది కాబట్టి మళ్ళీ ఒకటి తక్కువ.

ఒక ముల్లు కూడా చెప్పేస్తాను, ఎక్కడైనా తగిలితే కంగారు పడకు. ఆ ఆరు ఆస్మియంల డైయానయాన్‌కి రెండు ప్రోటాన్లు కలిపితే, అంటే హైడ్రోజన్లు రెండు వస్తే, లెక్క 86 అలాగే ఉంటుంది. ఆకారం మాత్రం టోపీ పెట్టిన స్క్వేర్ పిరమిడ్. ఒక్క ప్రోటాన్ కలిపినప్పుడు ఆక్టాహెడ్రన్‌గానే ఉంది, రెండోది కలిపేసరికి మారింది. రూల్ తప్పిందా అంటే తప్పలేదు. స్క్వేర్ పిరమిడ్‌కి ఏడు జతలు, టోపీకి సున్నా, మొత్తం ఏడే. ఏడు జతలకి రెండు ఆకారాలు ఒప్పుకుంటాయి, వాటిలో ఏది అన్నది లెక్క చెప్పదు, క్రిస్టల్ చెప్తుంది. నాలుగు బోరాన్లు నాలుగు క్లోరిన్లున్నది ఇంకా మొండిది: టెట్రాహెడ్రన్, ఎన్+1 ప్రకారం ఐదు జతలు కావాలి, ఉన్నవి నాలుగే.

నెట్‌లో ఇలాంటివి అడిగితే ఆప్షన్లలో సాధారణంగా ఒకటే సరిపోయేలా ఇస్తారు. కార్బైడ్లని, టోపీలని మాత్రం ఇంకో పదీ పన్నెండు చేసుకో, అవే తిప్పి తిప్పి అడుగుతుంటారు.